అంటే మేడమ్

ఆఫీసులో ఆవిడ అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ పట్టదు. అందరికీ ఆవిడ ‘అంటే మేడమ్’. మీటింగులో ఎవరేం చెప్పినా, గొంతు పెంచకుండా, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి "అంటే?" అని అడిగేది. చెప్పినవాళ్లు ఇంకాస్త విడమరిచి చెప్పేవాళ్లు. మళ్లీ "అంటే?" అనేది. మూడోసారికి, తాము చెబుతున్నది తమకే తెలియదన్న సంగతి చాలామందికి తేలిపోయేది. అందుకే కొందరు ఆవిడ ఎదుటి కుర్చీ ఖాళీగా ఉన్నా గోడకి ఆనుకుని నిలబడేవాళ్లు.

ఆ అలవాటు చిన్నప్పటిది. తండ్రి కోర్టు ముందు టైపు మిషన్ పెట్టుకుని అర్జీలు, దస్తావేజులు టైపు చేసేవాడు. సాయంత్రాలు కూతురు అసలు కాగితం పైకి చదవాలి, ఆయన టైపు కొట్టిన నకలుతో సరిచూసుకోవాలి. పదేళ్ల పిల్లకి ఆ కోర్టు భాష ఏం అర్థమవుతుంది? ప్రతి రెండో వాక్యం దగ్గర ఆగి "అంటే ఏంటి నాన్నా?" అనేది. ఆయన విసుక్కునేవాడు కాదు. "అడుగు, పర్లేదు. నువ్వు ఆగిన చోటే ఎక్కువసార్లు నేను తప్పు కొట్టుంటాను" అని నవ్వేవాడు.

పెద్దయ్యాక ఆవిడ రక్తపరీక్ష యంత్రాలు తయారుచేసే ఓ కంపెనీలో చేరింది. మొదటి ఉద్యోగం యంత్రంతో పాటు ఇచ్చే పుస్తకాలు రాయడం: ఏ మీట నొక్కాలి, ఏ ఎర్రదీపం వెలిగితే ఏం చేయాలి. పుస్తకం రాయాలంటే ఇంజనీర్లను అడగాలి. అడిగి అడిగి యంత్రం గుట్టంతా తెలుసుకుంది. అక్కణ్ణుంచి పరీక్షల విభాగానికి మార్చారు. నలభై ఏళ్ల వయసులో సాయంత్రం క్లాసులకి వెళ్లి ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. ఏభై దాటేసరికి కెర్నెల్ టీములో ఉంది. కెర్నెల్ అంటే యంత్రంలో అన్ని ప్రోగ్రాములకీ అడుగున ఉండి, ఎవరికి ఏం కావాలో పంచిపెట్టే మూల ప్రోగ్రాము. తెర మీద ఎవరికీ కనిపించదు. అది సరిగ్గా ఉన్నంతకాలం అదొకటి ఉందని కూడా ఎవరికీ గుర్తుండదు.

భర్త పళ్ల సెట్లు తయారుచేసేవాడు. ఇంటి ముందు గదే ఆయన పనిచోటు. ప్లాస్టర్ దవడలు వరసగా బల్ల మీద నోళ్లు తెరుచుకుని ఉండేవి. "నువ్వెళ్లాక వీళ్లతోనే నాకు కాలక్షేపం, ఒక్కరూ ఎదురు చెప్పరు" అని భార్యను ఉడికించేవాడు.

ఓ సోమవారం టీము లీడరు ఆవిడను తన గదికి పిలిచాడు. ఆవిడకంటే పదిహేనేళ్లు చిన్నవాడు. మంచివాడే కానీ, ఎప్పుడూ రైలు తప్పిపోతున్నట్టుగా ఉండేవాడు.

"మేడమ్, మూడు నెలల్లో భద్రతా తనిఖీ వాళ్లు వస్తున్నారు. ఈసారి కొత్త రూలు పెట్టారు. కెర్నెల్లో ఏ లైను మీద వేలు పెట్టినా, అదెందుకుందో చెప్పగలిగే మనిషి కంపెనీలో ఉండాలట."

"ఉంటారుగా?"

"మెమరీ ఫైలుకి లేరు."

ఆవిడకు వెంటనే విషయం బోధపడింది. ఆ ఫైలు అందరికీ కొరకరాని కొయ్య. ఆరువేల లైన్లు. రాసినాయన ఏడేళ్ల కిందటే రిటైరయ్యాడు. ‘పెద్దసారు’ అనేవాళ్లు ఆయన్ని. ఆయన ఉన్నప్పుడు ఆ ఫైలు జోలికెళ్లే అవసరం ఎవరికీ రాలేదు, రిటైరయ్యాక ధైర్యం రాలేదు.

"పని తీరు మారకూడదు మేడమ్. యంత్రం ఇప్పుడు ఎలా నడుస్తోందో అలాగే నడవాలి. చదివితే అర్థమయ్యేలా చేయండి, చాలు."

బయటికొచ్చేసరికి కబురు అప్పటికే పాకిపోయింది. "పేర్లు మార్చే పనేగా, హాయి" అన్నారొకరు. ఇంకొకరు జాలిగా చూశారు. రిటైర్మెంట్ ముందు పక్కన కూర్చోబెట్టే పనేమో అని ఆవిడకూ లోపల ఓ మూల గుచ్చుకుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర భర్త అడిగాడు, "ఇంతకీ ఆ ఫైలు ఏం చేస్తుంది?"

"మెషీన్లో మెమరీ అంతా చిన్నచిన్న ముక్కలుగా ఉంటుంది. ఒక్కో ముక్కని పేజీ అంటారు. ఎవరికి ఏ పేజీ ఇవ్వాలి, పనయ్యాక ఎప్పుడు వెనక్కి తీసుకోవాలి, అదీ దాని పని."

"లాడ్జిలో గదులిచ్చే గుమాస్తా అన్నమాట."

"అంతే. గదిలో మనిషుండగానే ఇంకొకరిని లోపలికి పంపకూడదు."

"పంపితే?"

"మెషీన్ ఆగిపోతుంది. లేకపోతే ఒకరి లెక్క మీద ఇంకొకరి లెక్క పడుతుంది."

ఆయన ముద్ద కలుపుతూ ఆగాడు. "రక్తం పరీక్షలో అది మంచిది కాదే" అన్నాడు. ఆవిడకి భయం ఉన్నదీ అక్కడే.

ఫైలు తెరిస్తే తల ప్రాణం తోకకి వచ్చింది. ఒకే ఒక్క ఫంక్షన్, అంటే ఒక పని కోసం విడిగా రాసే ముక్క, పదకొండు వందల లైన్లు సాగింది. పేర్లన్నీ ఒంటి అక్షరాలు. ఒకచోట ‘ఎన్’ అంటే పేజీల సంఖ్య. నలభై లైన్లు దాటాక అదే ‘ఎన్’ అంటే ఆ పేజీని వాడుకుంటున్నవాళ్ల సంఖ్య. పేజీ ఏ స్థితిలో ఉందో చెప్పడానికి పేర్లు లేవు, ఉత్త అంకెలే: నాలుగు, ఎనిమిది, పదహారు. ఏ అంకె దేనికో రాసినాయన బుర్రలో ఉండేది, ఆయనతో పాటే ఇంటికెళ్లిపోయింది.

ఇక ఫైలు నడిమధ్యలో, ఏడు మిల్లీసెకన్లు ఏమీ చేయకుండా ఆగమని చెప్పే ఓ లైను. దాని పైన, చదివేవాళ్ల కోసం రాసిపెట్టిన ఓ కామెంటు: ‘దీన్ని ముట్టుకోవద్దు. తీస్తే యంత్రం ఆగిపోతుంది. ఎందుకని అడగవద్దు.’

‘అంటే మేడమ్’కి రాసిపెట్టినట్టే ఉంది ఆ మాట.

మూల గదిలో పాత ప్రింటర్ల పక్కన బల్ల వేయించుకుంది. పొద్దున్నే కొన్ని పేజీలు కాగితం మీద అచ్చు తీసుకుని, ఒక్కో లైనూ మామూలు మాటల్లోకి తిప్పుకుని పైకి చదివేది. "ఈ పేజీని వాడేవాళ్లలో ఒకరు తగ్గారు. ఇంకెవరైనా ఉన్నారా? లేరు. అయితే ఖాళీల జాబితాలో పెట్టు." నోటికి సాఫీగా వచ్చిందంటే ఆ లైను బాగున్నట్టు. నాలుక తడబడితే పెన్సిలుతో గుండ్రం చుట్టేది. తలుపు బయట నుంచి వెళ్లేవాళ్లు లోపల ఎవరో ఫోన్లో మాట్లాడుతున్నారనుకునేవాళ్లు.

చిన్నచిన్న మార్పులే చేసేది. ఒక పేరు మార్చడం, మొత్తం పరీక్షలు నడపడం, ఫలితం మునుపటిలాగే ఉంటే తర్వాతి పేరు. పరీక్షలకి ఒక్కోసారి నాలుగు గంటలు పట్టేది. ‘ఎన్’ని రెండు పేర్లుగా విడగొట్టిన రోజున, ఎప్పుడూ నసిగే ఓ సీనియరు ఇంజనీరు తలుపులోంచి తల దూర్చాడు.

"మేడమ్, ఇంతింత పొడుగు పేర్లా? టైపు చేసేసరికి వేళ్లు అరిగిపోవూ?"

"రాసేది ఒక్కసారి బాబూ, చదివేది వందసార్లు."

"ఒంటి అక్షరమైతే చిన్నగా, ముచ్చటగా ఉండేది."

"మీ అబ్బాయికి ఒంటి అక్షరమే పేరు పెట్టుకున్నారా?"

ఆయన నవ్వలేక నవ్వి వెళ్లాడు. వారం తర్వాత వచ్చి, తనకు పదేళ్లుగా అర్థం కాని ఓ చోటు ఇప్పుడు అర్థమైందని, మొహం పక్కకి పెట్టుకుని ఒప్పుకున్నాడు.

అలా ఆరు వారాలు నడిచింది. ఏడో వారంలో పదకొండు వందల లైన్ల ఫంక్షన్‌ని ముక్కలు చేసే పని చేపట్టింది. ఏ ముక్క ఏం చేస్తుందో పేరులోనే తెలిసేలా, పదమూడు చిన్న ఫంక్షన్లు చేసింది. ముందుండే ఓ చిన్న పనిని వెనక్కి జరిపింది. ముందు చేసినా వెనక చేసినా ఒకటేనని రెండుసార్లు చూసుకుంది. సాయంత్రం పరీక్ష పెట్టి ఇంటికెళ్లింది.

మర్నాడు పొద్దున పరీక్షల గదిలో ఎనిమిది యంత్రాల్లో మూడు నిలువుగుడ్లు వేసుకుని ఉన్నాయి. తెరలు నల్లగా, ఎర్రదీపాలు వెలుగుతూ.

గదిలో అప్పటికే నలుగురు చేరారు. లీడరు చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చాడు.

"మేడమ్, పాత ఫైలే పెట్టేద్దాం. తనిఖీ వాళ్లకి ఏదో ఒకటి చెప్పుకుందాం."

"ఏం చెబుతాం?"

"ఏదో ఒకటి."

"అంటే?"

అలవాటుకొద్దీ వచ్చేసింది. ఎవరో కిసుక్కున నవ్వారు. లీడరు నవ్వలేదు. "వారం టైమిస్తాను మేడమ్. ఈలోగా తేలకపోతే వదిలేద్దాం" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, అలసటే ఉంది.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా భర్త బల్ల ముందు కూలబడింది. "నేను చెడగొట్టాను" అంది. ఆయన ఓ ప్లాస్టర్ దవడ పక్కనపెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

"నువ్వు పేర్లేగా మార్చింది?"

"ఒక పని ముందూ వెనకా చేశాను. దానివల్ల ఆగకూడదు. ఆగుతోందంటే..."

"ఆగుతోందంటే?"

ఇంటి నిండా అదే మాట అంటుకున్నట్టుంది. ఆవిడకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "ఆగుతోందంటే ఆ ఏడు మిల్లీసెకన్లకీ దీనికీ ఏదో సంబంధం ఉంది. నేను పని వెనక్కి జరపడంతో మెషీన్ ఓ రెండు మిల్లీసెకన్లు ముందే అక్కడికొస్తోంది. అంటే అక్కడ ఎవరి కోసమో ఎదురు చూస్తున్నారు. ఎవరి కోసమో మాత్రం రాయలేదు."

"రాసినాయన బతికే ఉన్నాడుగా. వెళ్లి అడుగు."

ఈ మాట ఏడేళ్లలో ఎవరికీ తట్టలేదు. తట్టినా ఆయన కోపానికి జడిసి ఊరుకున్నారు. మర్నాడు ఆ రోజుకి చేయాల్సిన పని పూర్తి చేసింది: అంకెలన్నిటికీ పేర్లు పెట్టింది. నాలుగు అంటే ‘కొలిచే పరికరం ఈ పేజీలో ఇంకా రాస్తోంది’. ఎనిమిది అంటే ‘ఈ పేజీకి తాళం వేసి ఉంది, కదపకూడదు’. ఆ ఏడు మిల్లీసెకన్ల లైను కిందున్న మాట చదివినప్పుడు నాలుక కాస్త తడబడింది. కానీ పెద్దసారంతటి మనిషి రాశాడంటే ఏదో కారణం ఉండే ఉంటుందిలే అనుకుంది. ఆ కాగితాలు సంచిలో పెట్టుకుని బస్సెక్కింది.

పెద్దసారు మూడో అంతస్తులో ఉంటున్నాడు. తలుపు తీసేసరికి చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి. చేపల తొట్టి కడుగుతున్నాడు. బకెట్లో రెండు నారింజ రంగు చేపలు గిరగిరా తిరుగుతున్నాయి. ఆవిడను గుర్తుపట్టి, లోపలికి రమ్మనకుండానే అన్నాడు:

"మెమరీ ఫైలు గురించేనా? నేనేం తప్పు చేయలేదు."

"తప్పని ఎవరన్నారండీ? అర్థం కాక అడుగుదామని వచ్చాను."

లోపల్నుంచి ఆయన భార్య కేక వేసింది. "గుమ్మంలో నిలబెట్టి మాట్లాడతారేంటండీ! రామ్మా, కూర్చో. ఈయన వాలకం చేపలకే అలవాటైంది, మనుషులకి కాదు." టీ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టి, తనూ ఓ కుర్చీ లాక్కుని కూర్చుంది.

పెద్దసారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆరిపోయాక కూడా తుడుచుకున్నాడు.

"ఆ ఏడు మిల్లీసెకన్లు ఎందుకు పెట్టారండీ?" అని అడిగింది ఆవిడ.

ఆయన తొట్టి వైపు చూస్తూ చెప్పాడు.

"నాకూ తెలీదమ్మా."

"అంటే..."

"అంటే తెలీదనే. మొదటి మెషీన్లు లారీ ఎక్కాల్సిన శుక్రవారం. పొద్దున్నించీ ఆగిపోతున్నాయి. ఎంత వెతికినా దొరకలేదు. చివరికి అక్కడ కాస్త ఆపి చూశాను. ఆరు పెడితే ఆగిపోయింది, ఏడు పెడితే నడిచింది. సోమవారం వచ్చి అసలు సంగతి తేలుద్దామనుకున్నాను. సోమవారం ఇంకో పని మీద పడింది. ఆ సోమవారం పద్నాలుగేళ్లయినా రాలేదు. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? అందుకే అడగొద్దని రాసి పెట్టాను."

భార్య ఆయన్ని వింతగా చూసింది. "అందుకేనా," అంది మెల్లగా, "ఇంట్లో ఎవరికి రక్తం పరీక్ష రాసినా, ఆ ల్యాబులో ఏ కంపెనీ మెషీనో కనుక్కుని మరీ ఇంకోచోటికి తీసుకెళ్తారు? మా చెల్లెల్ని రెండు బస్సులు మార్పించి తిప్పారు!"

ఆయన తల దించుకున్నాడు. అంటే మేడమ్‌కి ఆయన కోపమంతా ఇప్పుడర్థమైంది. అది కోపం కానే కాదు, పద్నాలుగేళ్లుగా ఎవరో ఒకరు అడుగుతారన్న బెదురు.

"నేను ఇవాళ ఈ ముక్కకి పేర్లు పెట్టానండీ. ఓసారి వింటారా?" అని కాగితాలు తీసి, తండ్రికి చదివినట్టే, తొందరపడకుండా చదివింది.

"కొలిచే పరికరానికి ఈ పేజీ ఇవ్వు. పరికరం ఫలితం రాస్తుంది. ఏడు మిల్లీసెకన్లు ఆగు. పేజీకి తాళం వేసి ఉంటే, తీసేదాకా ఆగు. లేకపోతే పేజీని వెనక్కి తీసుకో."

"తాళమా?" అన్నాడు పెద్దసారు.

"అవునండీ. తాళం వేసి ఉంటే ఆగు."

"తాళంతో ఇక్కడేం పని? చూడాల్సింది పరికరం రాయడం అయిందా లేదా అని కదా!"

"మీరు ఎనిమిది అని రాశారండీ. ఎనిమిది అంటే తాళం."

"ఎనిమిదా? నాలుగు కదా రాసింది?"

కాగితం లాక్కున్నాడు. కళ్లజోడు కనబడక భార్య కళ్లజోడే పెట్టుకుని చూశాడు. పాత ఫైలు అచ్చు కూడా పక్కన పెట్టింది ఆవిడ. ఎనిమిదే ఉంది. పద్నాలుగేళ్లుగా అక్కడ ఎనిమిదే ఉంది. పరికరం ఇంకా రాస్తోందా అని అడగాల్సిన చోట, ఎప్పుడూ వేయని తాళం వేసి ఉందా అని అడుగుతోంది యంత్రం. లేదని తెలుసుకుని, రాత మధ్యలోనే పేజీని లాగేసుకుంటోంది. ఏడు మిల్లీసెకన్లలో పరికరం దాదాపు ఎప్పుడూ రాయడం ముగించేస్తుంది కాబట్టి నడుస్తోంది, అంతే. ఎప్పుడో ఓసారి ఆలస్యమైతే ఆగిపోతోంది.

"ఒక్క అంకె," అన్నాడు పెద్దసారు. "ఈ ఒక్క అంకెని నేనెన్నిసార్లు చూసుంటాను! అంకెలా కనబడింది గానీ తాళంలా కనబడలేదు."

ఆపైన ఆయన మొహంలో రంగు మారింది. ఆయన అడిగేలోపే అంటే మేడమ్ అందుకుంది, ఎందుకంటే ఆ ప్రశ్న ఆరువారాలుగా ఆవిడనూ నిద్రపోనివ్వలేదు.

"ఎవరికీ తప్పు ఫలితం వెళ్లలేదండీ."

"ఎలా చెప్పగలవు?"

"పరికరం ఫలితంతో పాటు సరిచూసుకునే అంకె కూడా పంపుతుంది. మెమరీలో ఏది చెదిరినా అది కలవదు. కలవకపోతే మెషీన్ ఆ ఫలితం పారేసి, పరీక్ష మళ్లీ చేయమంటుంది. ఆ పుస్తకం రాసింది నేనే, ఆ పరీక్షలు చేసిందీ నేనే. నిన్న ఫిర్యాదుల ఫైళ్లన్నీ కూడా తిరగేశాను. మెషీన్ ఆగిపోయిందనీ, పరీక్ష రెండోసారి చేయాల్సి వచ్చిందనీ రాశారు. తప్పు ఫలితమని ఒక్కటీ లేదు."

పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలాడు. ఎంతసేపటికో ఊపిరి వదిలాడు. అది చాలా పొడుగ్గా వచ్చింది, మధ్యలో ఎక్కడో నవ్వులోకి తిరిగింది. భార్య చల్లారిన టీ కప్పు ఆయన చేతిలోంచి తీసుకుని, "మళ్లీ వేడి చేస్తాను" అని లేచింది. వంటింట్లోకి వెళ్తూ కొంగుతో కళ్లు అద్దుకోవడం అంటే మేడమ్‌కి కనిపించింది.

మర్నాడు మార్పు చేసింది. ఎనిమిది స్థానంలో నాలుగు, అంటే తాళం పేరు తీసి పరికరం పేరు. ఏడు మిల్లీసెకన్ల లైనూ దాని మీది కామెంటూ చెరిపేసింది. ఎనిమిది యంత్రాలూ నడవడం మొదలుపెట్టాయి. లీడరు పరీక్షల గదికి గంటకోసారి ఏదో పని కల్పించుకుని వచ్చేవాడు. రెండో రోజు దాటింది. నాలుగో రోజు నసిగే ఇంజనీరు ఓ యంత్రాన్ని కావాలని నానా తిప్పలూ పెట్టి చూశాడు, ఆగలేదు. తొమ్మిదో రోజు సాయంత్రం లీడరు బోర్డు మీద ‘ఆగిన యంత్రాలు’ అన్నచోట సున్నా రాసి, దాని చుట్టూ గీత గీశాడు.

"మేడమ్, మీకో సంగతి చెప్పనా?" అన్నాడు. "ఈ ఫైలు నాకు రాదని ఎవరికైనా తెలుస్తుందేమోనని లీడరు అయినప్పట్నుంచీ భయపడుతున్నాను."

"మరి ఇప్పుడు?"

"నిన్న కూర్చుని మొత్తం చదివాను. మధ్యాహ్నం భోజనానికి లేవడం మర్చిపోయాను."

తనిఖీ వాళ్లు ఇద్దరొచ్చారు. వాళ్లలో పెద్దావిడ పేజీలు తిప్పి, ఎక్కడో ఓ చోట వేలు పెట్టి, "ఇదెందుకుంది?" అని అడిగింది. అంటే మేడమ్ నోరు తెరిచేలోపే లీడరు గడగడా చెప్పుకుపోయాడు. తర్వాత వేలు పెట్టిన చోటు నసిగే ఇంజనీరు చెప్పాడు. మేడమ్ మాట్లాడే అవసరమే రాలేదు. మంచినీళ్లు తాగుతూ కూర్చుంది. తాను లేకపోయినా ఆ ఫైలుకి ఏం ఫర్వాలేదన్న సంగతి, ఎందుకో గానీ, ఆవిడకు చాలా హాయిగా అనిపించింది.

ఆ సాయంత్రం పెద్దసారుకి ఫోన్ చేసి చెప్పింది. ఆయన అంతా విని, ఫైలు పైన రాసినవాళ్ల పేర్ల దగ్గర తన పేరు ఇంకా ఉందా అని అడిగాడు. ఉందని చెప్పింది. "తీయకు," అన్నాడు. "ఇప్పుడైతే ఉండనీ."

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. సంచి ఒళ్లో పెట్టుకున్న సంగతి గుర్తుంది, తర్వాత గుర్తులేదు. కళ్లు తెరిచేసరికి దిగాల్సిన స్టాపు దాటి రెండు స్టాపులైంది. దిగి, వెనక్కి నడక మొదలుపెట్టింది. ఇంకా వెలుతురుంది. దారిలో బట్టల దుకాణం షట్టరు సగం దించి, ఒకామె బయట కుర్చీలు లోపలికి చేరవేసుకుంటోంది. అంటే మేడమ్ ఓ కుర్చీకి చెయ్యి వేసింది. ఎందుకమ్మా మీకు శ్రమ అంది ఆమె. ఏం పర్లేదు, నాకేం తొందర లేదు అని, మిగతా రెండూ కూడా అందించి, మెల్లగా ఇంటిదారి పట్టింది.